పిల్లల కథ అమ్మలు రాయకూడదు

మన ఇళ్ళల్లో ఆడపిల్ల గురించి మొట్టమొదట కాగితం మీద రాసేది ఎవరో ఎప్పుడైనా ఆలోచించారా? పెళ్ళిళ్ళ పేరయ్య. లేకపోతే పెదనాన్నో మేనమామో. "అమ్మాయి చామనచాయ, ఐదడుగుల మూడంగుళాలు, బి.ఏ. పాసు, వంటావార్పూ వచ్చు, పెద్దలంటే గౌరవం." నా బయోడేటా మా బాబాయి బందరు వెళ్ళి టైపు చేయించుకొచ్చాడు. అందులో నాకు సంగీతం వచ్చునని రాసి ఉంది. నాకు సంగీతం రాదు. అదేమిటి బాబాయ్ అంటే, "ఎవరు పాడమంటారులే, ఈ రోజుల్లో అన్నీ టేపురికార్డర్లేగా" అన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. నా మంచి కోసమే అబద్ధం ఆడాడు. ఏమండీ, మన మంచి కోసం మన గురించి ఇతరులు రాసిన అబద్ధాలన్నీ కుట్టి పుస్తకం వేస్తే ఎన్ని సంపుటాలవుతాయంటారు?

ఈ సంగతి ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఆ బాబాయిలం ఇప్పుడు మనమే అయ్యాం. పెళ్ళి బదులు పైదేశం చదువు. అంతే తేడా.

ఏటా ఆగస్టు దాటేసరికి మా చల్లపల్లిలో కొందరు తల్లులకి నేను గుర్తొస్తాను. మామూలు రోజుల్లో నా సీరియల్ వచ్చిన పేజీ తిప్పేసి వంటల శీర్షికకి వెళ్ళిపోయేవాళ్ళే. అబ్బాయో అమ్మాయో దరఖాస్తు పెడుతున్నారంటే మాత్రం, "వదినగారూ, మీరు కథలు రాస్తారుగా, మావాడికి ఒక్క ఆరువందల మాటలు రాసిపెడుదురూ" అంటూ వస్తారు. చేతిలో సున్నుండల డబ్బా. సున్నుండలు తీసుకుంటాను. మినుములు పండే ఊళ్ళో వాటిని కాదనడం పాపం. రాయడం మాత్రం రాయను. దాంతో నాకు పొగరని ఒక పేరు స్థిరపడింది. ఆ పొగరు ఎందుకో ఇవాళ అందరికీ కలిపి చెప్పేస్తాను.

తెలియనివాళ్ళ కోసం ముందు ఈ వ్యవహారమేమిటో చెప్పాలి. మన దగ్గర ఇంజనీరింగు సీటుకి ర్యాంకు చాలు. ఎంసెట్ అనండి, 2021 నుంచి మారిన పేరు ప్రకారం ఈఏపీసెట్ అనండి, కంప్యూటరు అంకె చూస్తుంది, సీటిస్తుంది. నువ్వెవరివి, ఈ చదువెందుకు అని అడిగే తీరిక దానికి లేదు. అమెరికాలో అలా కాదు. ఇంటరు అయ్యాక అక్కడికి వెళ్ళాలంటే వెయ్యికి పైగా కాలేజీలకి కలిపి కామన్ యాప్ అని ఒక దరఖాస్తు ఉంది. అందులో మార్కులతో పాటు 650 మాటలు మించకుండా పిల్ల తన గురించి తాను రాసుకోవాలి. ఇంగ్లండులో యూకాస్ అని ఉంది. దానికి ఖాళీలతో సహా 4000 అక్షరాలు. ఇదివరకు ఒకే వ్యాసంగా ఉండేది గాని, 2026లో చేరేవాళ్ళ దగ్గర్నుంచి దాన్ని మూడు ప్రశ్నలు చేశారు. ఈ చదువే ఎందుకు? ఇప్పటిదాకా చదివింది దీనికెలా పనికొచ్చింది? బడి బయట ఏం చేశావు? ఎం.ఎస్.కి వెళ్ళే పెద్దపిల్లలకి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. బెజవాడ భాషలో ఎస్.ఓ.పి. మన దేశంలో కూడా అశోకా లాంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వ్యాసాలు అడుగుతున్నాయి.

అంటే ఏమిటన్నమాట? పదిహేడేళ్ళ పిల్లని జీవితంలో మొదటిసారి ఎవరో "నువ్వెవరమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి మనం ముందుకి ఉరుకుతున్నాం.

మనకంటే ముందు ఉరికేవాళ్ళున్నారు లెండి. బెజవాడలో బెంజిసర్కిలు చుట్టుపక్కల ఏ మేడ మెట్లెక్కినా విదేశీ విద్య అని ఒక బోర్డు కనబడుతుంది. వాళ్ళందరూ దొంగలని నేననను. ఫీజులు, గడువులు, బ్యాంకు కాగితాలు ఇవన్నీ మనకి అర్థమయ్యేలా చెప్పేవాళ్ళు కావాలి, ఆ పని చక్కగా చేసిపెట్టేవాళ్ళూ ఉన్నారు. నా తగువంతా వాళ్ళ కంప్యూటర్లో దాచుకున్న ఆ రెండు పేజీలతో. మా వీధిలో పిల్ల ఒకతి అలాంటి చోట డబ్బు కట్టి రాయించుకున్న కాగితం నాకు తెచ్చి చూపించింది. 'ఫ్రం మై చైల్డ్‌హుడ్' అని మొదలైంది. చిన్నప్పట్నుంచీ యంత్రాలంటే తెగ ఆసక్తిట. ఇంట్లో రేడియో విప్పేసి మళ్ళీ బిగించిందట. ఆ ఇంట్లో రేడియో లేదు, ఆ పిల్ల పుట్టకముందే దాన్ని పాతసామాన్లవాడికి వేశారు. అంతకంటే వింత రెండో పేరాలో ఉంది. చల్లపల్లిలో బీదపిల్లల కోసం ఈమె ఒక గ్రంథాలయం స్థాపించిందట. ప్రతి ఆదివారం నలభైమంది వస్తారట.

"ఆంటీ, ఎవరైనా అడిగితే లైబ్రరీ ఏ వీధిలో ఉందని చెప్పమంటారు?" అంది.

ఆ పిల్ల వేళాకోళానికి అడగలేదు. నిజంగానే ఏ వీధి చెబితే బాగుంటుందా అని ఆలోచిస్తోంది. వాళ్ళమ్మ పక్కనే ఉంది. "అందరూ రాసేదే కదా వదినగారూ, దానికింత ఆలోచన ఎందుకు?" అంది.

అందరూ రాసేదే! ఆ మాట మీదే నాకు ఒళ్ళు మండుతుంది. అందరూ రాసేది రాస్తే ఏమవుతుందో చెబుతా వినండి. 2007లో ఇంగ్లండులో ఆ యూకాస్ వాళ్ళు 50,000 దరఖాస్తుల్ని కంప్యూటర్లో వేసి పోల్చి చూశారు. అందులో 234 మంది తమకి ఎనిమిదేళ్ళ వయసులో ఆటకెమిస్ట్రీ పెట్టెతో ప్రయోగం చేస్తూ పైజామాకి చిల్లు పడేలా కాల్చుకున్నామని రాశారట! దేశంలో ఒక తరం పిల్లలందరూ కూడబలుక్కుని పైజామాలు తగలబెట్టుకున్నారన్నమాట. ఇంకో 175 మందికి జబ్బుపడిన ముసలి తాతగారున్నారు. అందరి తాతగారూ ఒక్కడే, ఇంటర్నెట్లో దొరికిన తాతగారు. ఎవడో ఒక పిల్లవాడు నిజంగానే పైజామా కాల్చుకుని ఉంటాడు కదా, పాపం వాడి గతేమిటో నాకు తలుచుకుంటేనే జాలేస్తుంది.

ఆ పైజామా కుర్రవాళ్ళు ఎత్తిరాశారు. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు. చాట్ జీపీటీని అడిగితే నిమిషంలో ఇస్తుంది. తప్పుల్లేని ఇంగ్లీషు, చివర్న ఒక కన్నీటిబొట్టు. కామన్ యాప్ వాళ్ళు దాన్ని మోసాల పట్టీలో చేర్చారు. యూకాస్ వాళ్ళయితే, ఇది నేనే రాశాను అని పిల్ల చేత ఒప్పిస్తారు. నా బెంగ పట్టుబడతారని కాదు. పట్టుబడకుండా బయటపడ్డా కూడా ఆ రెండు పేజీల్లో మన పిల్ల ఉండదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఈ వ్యాసమనేది ఏదో సరస్వతీదేవి పెట్టిన పరీక్ష అన్నట్టు మనవాళ్ళు కళ్ళకద్దుకుంటున్నారు. దీని పుట్టుక ఏమంత పవిత్రమైంది కాదండోయ్. నూరేళ్ళ కిందట హార్వర్డులో కూడా పరీక్ష మార్కులే చూసేవారు. యూదుల పిల్లలు కష్టపడి చదివి ఆ మార్కులు తెచ్చుకుని, 1922 నాటికి కొత్తగా చేరేవాళ్ళలో ఐదోవంతు దాటారు. అప్పటి అధ్యక్షుడు లోవెల్ గారికి అది కంటగింపయింది. ఇంతమందికి మించి తీసుకోకూడదని పైకి అనబోతే గొడవైంది. దాంతో దారి మార్చి, మార్కులొక్కటే చాలవు, శీలం చూడాలి, వ్యక్తిత్వం చూడాలి అన్నారు. ఫోటో అడిగారు. ఇంటిపేరేమైనా మార్చుకున్నారా అని అడిగారు. ఇదంతా జెరోం కరబెల్ అనే ప్రొఫెసరు 2005లో 'ది చోజెన్' అనే లావుపాటి పుస్తకంలో కాగితాలతో సహా బయటపెట్టాడు. కొందరిని బయట ఉంచడానికి కట్టిన దడి అది. ఆ దడికే ఇప్పుడు కొంతమంది తలుపు చేసుకున్నారు. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు జాతిని చూసి సీట్లివ్వడం చెల్లదని చెబుతూనే, ఆ జాతిలో పుట్టడం తన బతుకునెలా మార్చిందో విద్యార్థి వ్యాసంలో చెప్పుకోవచ్చునంది. కాబట్టి దానికి దణ్ణం పెట్టక్కర్లేదు. అలాగని అబద్ధాలతో నింపే సంచీ కూడా కాదది. ఒక ప్రశ్న, అంతే. అడిగిన వాళ్ళ బుద్ధి ఎలాంటిదైనా, ఆ ప్రశ్న మన పిల్లలకి చాలా అవసరం.

ఎందుకంటే మనం వాళ్ళకి 'నేను' అనే మాట నేర్పలేదు. చిన్న క్లాసులో 'నా ఆశయం' అని వ్యాసం రాయమంటారు. గైడులో డాక్టరు అని ఉంటే క్లాసంతా డాక్టర్లు, మర్నాటికి టీచరు గారికి యాభైమంది డాక్టర్లు తయారు. ఆ తర్వాత ఇంటరు. రెండేళ్ళపాటు హాస్టలు గదిలో, తెల్లారకముందు లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు. ఆ రెండేళ్ళలో ఆ పిల్ల ఏం చూసిందని రాస్తుంది? ఒక కుర్రవాణ్ణి "నీ గురించి చెప్పు నాయనా" అన్నాను. "ఫిజిక్సులో కొంచెం వీకండీ" అన్నాడు. మళ్ళీ అడిగాను. "కెమిస్ట్రీ పర్లేదండీ" అన్నాడు. ఆ పిల్లవాడు పక్కింటి మేడమీద పావురాలు పెంచుతాడని, ఏ పావురం ఏ గూటిలో పొదుగుతుందో కళ్ళు మూసుకుని చెబుతాడని వాళ్ళ చెల్లెలు చెప్పింది. వాళ్ళమ్మ ఆ మాటకి, "అబ్బే, అదంతా చదువు చెడగొట్టుకోవడం, రాయొద్దులెండి" అని చెయ్యి ఊపింది. చూశారా! ఆ పిల్లవాడిలో పిల్లవాడు ఎక్కడున్నాడో అక్కణ్ణించే తుడిచేద్దామంటుంది.

పావురాలు వద్దన్న ఆ తల్లికే ఏమేం కావాలో చెప్పనా? సమాజసేవ. మా ఊళ్ళో 2014 నవంబరు 12 నుంచి స్వచ్ఛ చల్లపల్లి అని కార్యకర్తలు ఒక పని చేస్తున్నారు. డాక్టరు డి.ఆర్.కె. ప్రసాద్ గారూ, ఆయన భార్య డాక్టరు పద్మావతి గారూ మొదలుపెట్టారు. తెల్లవారుజామున చీకటితో లేచి చీపుళ్ళు, పారలు పట్టుకుని రోడ్లు ఊడుస్తారు, మొక్కలు నాటుతారు. డాక్టర్లూ, రైతులూ, గృహిణులూ, పింఛను తీసుకునే మేష్టర్లూ అంతా ఉంటారు. ఏళ్ళ తరబడి చేస్తున్న పని అది. అక్కడికి ఒక్క ఆదివారం పిల్లవాణ్ణి ఇస్త్రీచొక్కాతో పంపి, చేతికి చీపురిచ్చి ఫోటో తీయించి, 'పర్యావరణం కోసం నా పోరాటం' అని రాయిద్దామని ఒకావిడ ఆలోచన. వారం రోజులు నిజంగా వెళ్ళమనండి. ఊడవమనండి. పదిరోజులకి నడుము నొప్పి పుట్టి మానేశానని రాసినా నాకు ఇష్టమే. ఫోటో కోసం అయితే ఆ చీపురు పట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఆవిడ ఈ మధ్య నాతో మాట్లాడ్డం లేదు.

సమాజసేవ దొరక్కపోతే కష్టాలు. ఇది మరీ ఘోరం. మాది దివిసీమ గుమ్మం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సంగతి మా వైపు పిల్లలకి ఉగ్గుపాలతో పోస్తారు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. నాగాయలంక, కోడూరు వైపు ఏ ఇంట్లో అడిగినా ఒక పేరు చెబుతారు, తర్వాత కాసేపు మాట్లాడరు. ఒకాయన కొడుకు వ్యాసంలో ఆ ఉప్పెన పెట్టమన్నాడు. "మా అత్తగారు తాటిచెట్టు పట్టుకుని బతికిందండీ, అది రాస్తే అమెరికావాళ్ళు కరిగిపోతారు." ఆ కుర్రవాడు పుట్టింది 2008లో. ఆ ముసలావిడ ఇంకా ఉంది, వాళ్ళ వసారాలోనే మంచం. "ఆ రాత్రి సంగతి అమ్మమ్మని ఎప్పుడైనా అడిగావురా?" అన్నాను. లేదన్నాడు. ఆవిడకి చెవుడు, గట్టిగా అరవాలి, అందుకని అడగలేదట.

ఆవిడ తాటిచెట్టుని రెండు చేతులా వాటేసుకున్న రాత్రిని అమ్ముకోవడానికి నీకు హక్కెవరిచ్చారని నేనడుగుతున్నాను. ఆవిడ దగ్గర కూర్చుని, చెవిలో అరిచి, ఆవిడ చెప్పింది విని, తనకేమనిపించిందో ఆ కుర్రవాడు రాసుకుంటే వేరే సంగతి. అప్పుడది వాడి అనుభవం. వినడం కూడా అనుభవమే. అసలు మాట వినకుండా కన్నీళ్ళు మాత్రం తీసుకుపోతామంటే ఎలా? ఇంగ్లండులో ఆ 175 మంది తాతగారిని తీసుకుపోయినట్టే ఉంటుంది.

సరే, లైబ్రరీ పిల్ల దగ్గరికి వస్తాను. ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, "నువ్వు నిజంగా చేసే పనేమిటో చెప్పు" అన్నాను. ఏమీ లేదంది. పొద్దున్నుంచి చెప్పమన్నాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండు వాక్యాల తర్వాత ఆగిపోయింది. తెలుగులో చెప్పవే తల్లీ అంటే అప్పుడు నోరు తెరిచింది. వాళ్ళ నాన్న అవనిగడ్డ వైపు నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. శివారు భూమి. కాలవ నీళ్ళు అందరికీ అందాక చివరికి వాళ్ళ బోదెలోకి రావాలి. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని టీవీలో చూపిస్తారు, ఇక్కడికి ఎప్పుడొస్తాయో దేవుడికెరుక. నాన్నకి ఫోనులో మాట్లాడ్డం మొహమాటం. అందుకని తొమ్మిదో తరగతి నుంచి ఈ పిల్లే లస్కరుకి ఫోను చేస్తుంది. "ఏ రోజు చేశానో, ఆయనేం చెప్పాడో, నీళ్ళు నిజంగా ఎప్పుడొచ్చాయో పుస్తకంలో రాసుకుంటానాంటీ. లేకపోతే మళ్ళీ ఏడు ఆయన మాట మారుస్తాడు."

పుస్తకం తెమ్మన్నాను. రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు, అట్ట ఊడిపోయింది. మూడేళ్ళ లెక్క. తేదీలు, గంటలు. బోదెలో నీళ్ళు ఎంత ఎత్తున పారాయో జానలతో కొలిచిన కొలత. ఒకచోట, 'పై బోదెవాళ్ళు రాత్రి తూము ఎత్తారు, నాన్న పొద్దున్నదాకా అక్కడే' అని ఉంది. 2015 నుంచి పట్టిసీమ మీదుగా గోదావరి నీళ్ళు కృష్ణా డెల్టాకి ఇస్తున్నారు కదా, మరి చివరి బోదెకి ఎందుకు ఆలస్యమవుతోందని ఒక పేజీ నిండా తనే ప్రశ్నలు వేసుకుంది. సివిల్ ఇంజనీరింగు ఎందుకు చదవాలనుకుంటున్నావని నేను వేరే అడగాలా? నేను చదివింది బి.ఏ., నాకు క్యూసెక్కంటే ఏమిటో ఆ పిల్లే చెప్పింది.

ఇంత ఉన్న పిల్లకి లేని లైబ్రరీ కట్టిపెట్టారు చూడండి!

వాళ్ళమ్మ అభ్యంతరం మీరు ఊహించగలరు. "మేం కౌలు చేసుకుంటున్నామని దేశం కాని దేశానికి రాసి పంపుతామా వదినగారూ? రేపు పెళ్ళి సంబంధాలకి తెలిస్తే?" ఆవిడ మాటని నేను వెక్కిరించను. మా ఊళ్ళో పొలం ఉండటానికీ, పొలం కౌలుకి చెయ్యడానికీ ఎంత దూరమో ఆవిడకి తెలుసు. పేరంటానికి వెళ్తే ఎవరు ఏ కుర్చీ చూపిస్తారో ఆవిడకి తెలుసు. ఆవిడ బయోడేటాలో కూడా ఎవరో ఏదో దాచే ఉంటారు. దాచడం మనకి వంటలాగా వచ్చిన విద్య. అది తరవాతి తరానికి కూడా నేర్పి తీరాలా అన్నదే నా పేచీ.

ఇక మీరు అడగబోయేది నాకు తెలుసు. డబ్బున్నవాళ్ళు లక్షలు పోసి రాయించుకుంటుంటే మా పిల్లే నిజాలు రాసి నష్టపోవాలా? న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో గొప్పింటివాళ్ళు ఇంకా ముందుకు వెళ్ళారు. 2019లో రిక్ సింగర్ అనే ఆయన బండారం బయటపడింది. సినిమావాళ్ళూ, కోటీశ్వరులూ ఆయనకి డబ్బిచ్చి, పిల్లల పరీక్షలు ఇంకొకరి చేత రాయించారు, ఎన్నడూ ఆడని ఆటల్లో ఆటగాళ్ళమని దరఖాస్తులు పెట్టించారు. లోకం సమంగా లేదు, నేను ఉందనడం లేదు. కానీ అబద్ధం ఖర్చు వాళ్ళకీ మనకీ ఒకటి కాదు. వాళ్ళు లాయర్లని పెట్టుకుంటారు. మన పిల్లలకేం జరిగిందో మరిచిపోయారా? 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే బూటకపు విశ్వవిద్యాలయం మూసేసినప్పుడు అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది తెలుగుపిల్లలే. కొంతమంది కాళ్ళకి పశువులకి కట్టినట్టు రేడియో పట్టీలు వేశారు. మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ అని అక్కడి ప్రభుత్వమే ఒక దొంగ విశ్వవిద్యాలయాన్ని వలగా పెట్టిందని 2019లో బయటపడింది, అందులో కూడా మనవాళ్ళే చాలామంది పడ్డారు. కొందరికి తెలిసే వెళ్ళారు, కొందరికి తెలీదు. ఒకరు చూపించిన చోట సంతకం పెట్టడం, కాగితంలో ఏముందో చదవకపోవడం అలవాటైన పిల్లలు వాళ్ళు. ఆ అలవాటు ఈ రెండు పేజీల దగ్గరే మొదలవుతుంది.

సీటొచ్చాక వీసా. హైదరాబాదు కాన్సులేటులో అద్దం అవతల ఆఫీసరు, ఇవతల పిల్ల. రెండు నిమిషాలు. అమ్మ బయట చెప్పులు వదిలి దేవుళ్ళని మొక్కుకుంటూ ఉంటుంది. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు ముందే అయిపోయి ఉంటాయి, వీసా వస్తే నూట ఎనిమిది బాకీ. ఆ అద్దం దగ్గర పిల్లకి నోరుండాలి. 2025లో అయితే విద్యార్థుల సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా తెరిచిపెట్టమన్నారు. ఒకచోట లైబ్రరీ అని, ఇంకోచోట ఏమీ లేదని ఉంటే? పరాయివాళ్ళు రాసిన 'నేను'ని పరీక్షకి బట్టీ పట్టినట్టు పట్టి, అక్కడ అప్పచెప్పలేక కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చిన పిల్లలు నాకు తెలుసు.

మరి అమ్మలు ఏమీ చెయ్యొద్దా? ఎందుకు చెయ్యొద్దు, మనంత బాగా ఇంకెవరు చెయ్యగలరు? కానీ పెన్ను పట్టుకోవద్దు. అడగండి. అడిగాక నోరు మూసుకుని వినండి. రెండోది మనకి కొంచెం కష్టం, నాకూ కష్టమే. ముందు తెలుగులో చెప్పనివ్వండి. మన పిల్లలు ఇంగ్లీషులో ఆలోచించమంటే గైడులోకి వెళ్ళిపోతారు, తెలుగులో అడిగితే ఇంటికొస్తారు. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టమనండి, తర్వాత వాళ్ళకొచ్చిన ఇంగ్లీషులో వాళ్ళే మార్చుకుంటారు. స్పెల్లింగులు, వ్యాకరణం ఇంగ్లీషు మేష్టరుకి చూపించండి, తప్పు లేదు. నేను చేసేది కూడా అంతే. అర్థం కాని చోట అడ్డగీత గీసి "ఇదేమిటి?" అంటాను. అబద్ధం వాసన వచ్చిన చోట రెండు గీతలు. ఒక్క మాట కూడా నాది వెయ్యను, వెయ్యాలని చెయ్యి లాగుతుంది, అయినా సరే. నలభైలు దాటిన నవలారచయిత్రి మాట పదిహేడేళ్ళ పిల్ల కాగితంలో పడితే అత్తగారి పట్టుచీర మనవరాలికి కట్టినట్టే ఉంటుంది.

లైబ్రరీ పిల్ల నాలుగుసార్లు రాసింది. మొదటిసారి మళ్ళీ 'ఫ్రం మై చైల్డ్‌హుడ్' అనే మొదలుపెట్టింది, అలవాటు ఎక్కడికి పోతుంది? నాలుగోసారికి తూము, బోదె, లస్కరు, నోటుబుక్కు వచ్చాయి. ఇంగ్లీషు కొంచెం ముతకగా ఉంది. ఉండనీ. సీటు వస్తుందో రాదో నాకు తెలీదు, స్కాలర్‌షిప్పు లేకుండా వాళ్ళు పంపగలిగే స్తోమతు కూడా లేదు. ఇంకా పంపలేదు, గడువుంది. వాళ్ళమ్మ మొన్న మళ్ళీ వచ్చింది. "ఆ కౌలు అన్న ముక్క ఒక్కటీ తీసేసి వ్యవసాయం అని పెట్టమనండి వదినగారూ, మీరు చెబితే వింటుంది" అంది. చెప్పనన్నాను. ఆ పిల్లని అడిగితే తీయనంది. ఆఖరికి ముగ్గురం వాళ్ళ నాన్న దగ్గరికే వెళ్ళాం. ఆయన అరుగు మీద కూర్చుని కాళ్ళకున్న మట్టి కడుక్కుంటున్నాడు. కూతురు కాగితమంతా తెలుగులో చెప్పింది. కౌలు అన్న మాట దగ్గర వాళ్ళమ్మ నా వంక చూసింది. ఆయన తల కూడా ఎత్తలేదు. అంతా విని, "మొదటేడు నీళ్ళొచ్చింది జులై పదకొండున కాదమ్మా, పద్నాలుగున" అన్నాడు. పిల్ల లోపలికి పరుగెత్తి నోటుబుక్కు తెచ్చి పేజీ తీసి చూపించింది. పదకొండే.